తాడులో ఎర్రపోగు

తాళ్ళ గురవమ్మ రెండు రకాల తాళ్ళు పేనేదంట. పూత మీద కోసిన గోగునారతో పేనింది బావికి, తడికి ఆగుద్ది. కాయ ముదిరాక కోసిన నారతో పేనింది గొడ్లకీ మంచాలకీ. ఎండలో ఇనుమల్లే ఉంటది, నానిందా, పురి వదిలేస్తది. పైకి చూస్తే రెండూ ఒకటే అనుకో, పేనిన చేతికి తప్ప తెలీదు. ఇంటికాడ అమ్మినన్నాళ్ళూ ఏది దేనికో చెప్పి మరీ ఇచ్చేది. ఏమైందంటే, మోకాళ్ళు పట్టేశాయి. ఇక పెద్దకొడుకు పోలయ్య సంతకీ, చిన్నోడు అంకన్న ఊళ్ళమీదకీ తాళ్ళు భుజానేసుకుని పోయేవోళ్ళు. పోలయ్య ఏ తాడు పట్టుకున్నా "ఏనుగుని లేపుద్ది మావా, బావిలోకైనా దింపు" అనేవాడంట. అంకన్నకి నోరే లేదు. "తాడు" అని ఊరుకునేవాడు, కొనేవోడు ఏదనుకుంటే అది. నవ్వమాక పిల్లా, నీ పెళ్ళిచూపులకి మీ ఇంట్లో ముగ్గురు మూడు వయసులు చెప్పలా?

సరే, ఒకనాడు నాగులు వచ్చింది. బావుల్లో పూడిక తీసే సింగయ్య పెళ్ళాం. దూడకి పలుపు కావాలంది. అని, "అత్తా, మొన్న సంతలో పోలయ్య బావ ఇచ్చినట్టాంటిది వొద్దులే, బావితాడు దూడకి దండగ. మా ఆయన పొద్దుట్నుంచీ దాని మీదే బావిలోకి దిగున్నాడు" అందంట. గురవమ్మ చేతిలో నార అట్టానే ఆగిపోయింది. మొన్న సంతకి తను పంపినయ్యన్నీ ముదురునారవే. బావితాడు ఒక్కటీ పంపలా. మోకాళ్ళ సంగతే మర్చిపోయింది అనుకో, దూలానికున్న బావితాడు లాగి, అంకన్న చేత బండి కట్టించి, నాగుల్ని ఎక్కించుకుని ఆ బావికాడికి పోయింది. గట్టుమీదోళ్ళు చూసి, ఏం ముసలమ్మా, ఇంకో తాడు అంటగట్టడానికొచ్చావా అని ఎకసెక్కాలు. గురవమ్మ బావిలోకి వేలాడే తాడుని పట్టుకు చూసింది, తడిసి అన్నంముద్దల్లే ఉంది. "సింగయ్యా, దాన్ని ముట్టుకోమాక! ఇది నడుముకి కట్టుకో!" అని తనది దింపింది. "మీవోడు ఏనుగన్నాడే" అంటానే కట్టుకున్నాడంట. అతను గట్టెక్కాక, కింద పాతతాడుకి కట్టిన బురదగంప మిగిలింది కదా, ఆ తాడుతోనే దాన్ని లాగారు. సగానికొచ్చి పుటుక్కున తెగింది. గంప పోయి సింగయ్య నిలబడ్డ చోటే పడింది. నాగులు మొగుడి బురదకాళ్ళు పట్టుకుని అక్కడే కూలబడింది.

ఇంటికొచ్చి పోలయ్యని అడిగితే, "ఏది దేనికో నాకెప్పుడు చెప్పావమ్మా?" అన్నాడంట. తిట్టబోయిన గురవమ్మ తననే తిట్టుకుంది. నిజమే, తాళ్ళు భుజానేసి పంపింది గానీ వాటి సంగతి ఎవురికీ చెప్పలా. ఆనాటి నుంచీ ముదురునార తాడు పేనితే ఒక ఎర్రపోగు మొదట్నుంచి చివరిదాకా పురిలో కలిపేసేది. ముక్క కోసినా కనపడాలి. ఇంటికాడ గానీ, సంతలో గానీ, ఊళ్ళమీద గానీ అందరిదీ ఒకటే మాట, ఎర్రపోగుంటే నీళ్ళకి చూపించమాక అని. నోరులేని అంకన్న కూడా వేలు పెట్టి చూపించేవాడు. పోలయ్య ఏనుగు మాత్రం పోలా. "ఏనుగునైనా కట్టు మావా, బావిలోకి మాత్రం దింపమాక" అనేవాడంట.

మీరు నవ్వుతున్నారు గానీ, సింగయ్య ఆనాడు పూడిక తీసిన బావి నీళ్ళే మనం తాగేది. నేను ఇప్పటికీ చేదకి కొత్త తాడు కట్టేముందు పురి విప్పి చూస్తా.