ట్రయలిస్టు కొట్టిన గోలు

వాటీ పెటిగ్రూ టీ కప్పు కింద పెట్టి, టోపీ కాస్త వెనక్కి నెట్టి, గొంతు సవరించుకున్నాడంటే ఇంక అరగంట దాకా ఆగడని డ్రమ్‌కారో ఊళ్ళో అందరికీ తెలుసు. శనివారం మధ్యాహ్నం, ఫుట్‌బాల్ ఆట మొదలవడానికి గంట ముందు, మైదానం గేటు పక్కనున్న రేకుల షెడ్డులో ఐసా టీలూ, వేడి మాంసం చారూ, పిండి పొరలో మాంసం కూరి కాల్చిన పైలూ అమ్ముతుంది. ఆ షెడ్డే వాటీ దర్బారు. ఆదివారం నుంచి శుక్రవారం దాకా అతనింట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. అది చెబుతుందే గాని వినదు. ఆరు రోజుల మాటలూ లోపల ఊరబెట్టుకుని ఏడో రోజు ఇక్కడ గుమ్మరిస్తాడు గనక అవి కాస్త పొంగి ఉంటాయి.

డెబ్బై నాలుగేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. బొగ్గు గని మూసేశాక పందెం పావురాలు పెంచాడు, పావురాలూ అయిపోయాయి. మిగిలింది ఒక్క గోలు.

ఆ గోలు సంగతి తెలియాలంటే వెనకటి రోజుల ఆచారం ఒకటి చెప్పాలి. క్లబ్బు ఎవడైనా కొత్తవాడి సత్తా చూడదలిస్తే ఒక ఆటలో దింపి చూసేది. కానీ వాడి పేరు పైకి పొక్కనిచ్చేది కాదు. తెలిస్తే పక్క ఊరి క్లబ్బు ఎగరేసుకుపోతుందని భయం. జట్టు పట్టీలోనూ, సోమవారం పేపర్లోనూ పది మందికి పేర్లు వేసి, పదకొండోవాడి దగ్గర ‘ట్రయలిస్టు’ అని ఊరుకునేవారు. పందొమ్మిది వందల అరవై ఒకటి ఫిబ్రవరిలో ఒక శనివారం డ్రమ్‌కారో ఒకటి సున్నాతో గెలిచింది. గోలు కొట్టింది ట్రయలిస్టు. ఎవడా ట్రయలిస్టు అంటే, నేనే అంటాడు వాటీ. కాదనగలిగినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు.

ఆ శనివారం షెడ్డులోకి షీనా హాల్డేన్ ఒక పుస్తకం పట్టుకుని వచ్చింది. బళ్ళో లెక్కలు చెబుతుంది, క్లబ్బుకి కార్యదర్శి. క్లబ్బుకి నూట పాతికేళ్ళు నిండుతున్నాయని, మొదట్నుంచీ ఆ చొక్కా తొడుక్కుని ఆడిన ప్రతివాడి పేరూ ఒక పెద్ద చెక్క మీద రాయించి గేటు దగ్గర నిలబెడుతున్నారు. పేర్లన్నీ దొరికాయి. ఒక్క ఖాళీ మిగిలింది. పేర్లు రాసే అతను సోమవారం పొద్దున వస్తున్నాడు.

“వాటీ, ఆ ట్రయలిస్టు నువ్వేనని ఊరంతా అంటోంది” అంది షీనా బల్ల ముందు కూర్చుంటూ. “ఊరంతా అంటోందంటే నువ్వంటున్నావని అర్థం. ఒక్కసారి మొదట్నుంచీ చెప్పు. పెయింటుతో ఎక్కించాక చెరపడం కుదరదు.”

వాటీ ఆమె చేతిలోని పుస్తకం కేసి చూశాడు. అతని పేరు ఈ ఊళ్ళో రాసి ఉన్న చోటు ఒక్కటే, ఇంటి తలుపు మీది కాగితం ముక్క. అదీ వానకి అలుక్కుపోయి చాలా కాలమైంది. ఉత్తరాలవాడు తప్ప దాన్ని చదివేవాడు లేడు, ఉత్తరాలు రావు.

“నేను గొప్పలు చెప్పే మనిషిని కాను తల్లీ, ఉన్నది ఉన్నట్టు చెబుతా” అని మొదలెట్టాడు. “ఆ రోజు మంచు ఎంత పడిందో తెలుసా? మోకాలి దాకా. మనవైపు ఎడమ పక్క ఆడే అతని బస్సు మంచులో ఇరుక్కుంది, ఇంక రాలేడని కబురొచ్చింది. పది మందే ఉన్నారు. మేనేజరు ఇటు చూశాడు, అటు చూశాడు. నేను అక్కడే ఉన్నాను. చేతిలో సంచీ, సంచీలో బూట్లు. వాటీ, బూట్లు తొడుక్కో అన్నాడు. అంతే.”

ఇంతవరకూ ఎవరూ నవ్వలేదు. ఇది ఎవరికైనా జరగొచ్చు. ఈ ముక్క చెప్పేటప్పుడు వాటీ గొంతు ఎప్పుడూ తగ్గుతుంది. కథ మొత్తంలో అతను పెంచని ముక్క ఇదొక్కటే. ఇక్కణ్ణుంచి మాత్రం మంచు పెరగడం మొదలెట్టింది. నడుము దాకా వచ్చింది, భుజాల దాకా వచ్చింది, అవతలి జట్టువాళ్ళలో ఇద్దరు పొట్టివాళ్ళు కనబడకపోతే రిఫరీ ఈల వేసి వాళ్ళని తవ్వి తీయించాడు.

“ఇందాక మోకాలన్నావు” అన్నాడు లెకీ. లెకీ బస్సు నడిపి నడిపి రిటైరైనవాడు, వాటీని మాటలతో పొడవకపోతే అతనికి తిన్న పై అరగదు.

“మొదటి సగంలో మోకాలయ్యా. రెండో సగం సంగతి నేను చెబుతున్నది. మధ్యలో దూరకు. వాళ్ళ గోల్‌కీపరు ఉన్నాడు చూశావూ, మాంసం కొట్టువాడు. ఆ మనిషి చేతులెంత పొడుగంటే, రెండు గోలు స్తంభాలనీ రెండు చేతులా పట్టుకుని నిలబడి, ఇంకో చేత్తో వీపు గోక్కునేవాడు.”

“మూడో చెయ్యా?” అంది ఐసా పైలు తిరగేస్తూ.

“మాంసం కొట్టువాళ్ళకి ఉంటాయమ్మా. లేకపోతే తక్కెడలో వాళ్ళ బొటనవేలు ఎప్పుడు పెడతారో మనకి కనబడదేం?”

ఇంక అక్కణ్ణుంచి కథ పరుగందుకుంది. ఆట ముగియడానికి మూడు నిమిషాలున్నాయనగా వాటీ ఎడమ కాలితో ఒక్కటిచ్చాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బంతి స్టాండు రేకుల మీంచి, గని పొగగొట్టం మీంచి, రైలు పట్టాల దాకా పోయింది. అప్పుడే రేవుకి బొగ్గు బండి వెళుతోంది. బంతి వెళ్ళి నాలుగో పెట్టెలో బొగ్గు మీద కూర్చుంది. రిఫరీ చర్చి పెద్ద, మహా మొండివాడు. బంతి నేల తాకడం నా కళ్ళతో నేను చూడలేదు, కనక ఆట నడుస్తోంది అని గడియారం చేత పట్టుకు నిలబడ్డాడు. ఆటగాళ్ళందరూ ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డారు.

“నేను మాత్రం ఇదిగో ఇక్కడికే వచ్చి, ఐసా వాళ్ళమ్మ దగ్గర మాంసం చారు తాగాను.”

“మా అమ్మ ఎప్పుడూ చెప్పలేదే.”

“ఆవిడ నాలాంటిదే, గొప్పలు చెప్పుకునేది కాదు. సరే, రేవులో క్రేనువాడు బొగ్గుతోపాటు బంతిని కూడా నార్వే వెళ్ళే ఓడలోకి ఎత్తాడు. ఓడ కెప్టెను ఎవరో తెలుసా? మన డ్రమ్‌కారో వాడే. బంతి మీద చెయ్యి వేసి చూశాడు, ఇంకా వేడిగా ఉంది. ఇది వాటీ తన్నుడే, ఆట ఇంకా అవలేదు కాబోలు అనుకుని, ఓడ పొగగొట్టంలో బంతిని పెట్టి ఉన్న ఆవిరంతా ఒక్కసారి వదిలాడు. నేను చారు కప్పు ఇంకా కింద పెట్టలేదు, పైన హోరుమని చప్పుడు. మబ్బులన్నీ చీల్చుకుని, మంచు చుట్టుకుని, ఆవు దూడంత అయి వస్తోంది బంతి. ఎగిరాను. నుదుటితో ఒక్కటి పెట్టాను. బంతీ, వలా, స్తంభాలూ, మూడు చేతుల మాంసం కొట్టువాడూ అన్నీ కలిసి వెళ్ళి చర్చి వెనక శ్మశానంలో పడ్డాయి. అక్కడ పడుకున్నవాళ్ళు లేచి కూర్చుని, స్కోరెంత అని అడిగారు.”

షీనా పెన్ను ఎప్పుడో కింద పెట్టేసింది. కళ్ళు తుడుచుకుంటోంది. లెకీ తాగుతున్న టీ ముక్కులోకి పోయి దగ్గుతున్నాడు.

“ముప్పై వేల మంది ఒక్కసారి అరిచారు” అన్నాడు వాటీ. కళ్ళు మూసుకున్నాడు. కథలో ఇక్కడికి వచ్చేసరికి అతనికి నిజంగానే వినబడుతుంది. “నా పేరే అరిచారు. వాటీ, వాటీ అని. ఆ అరుపు వేడికి ఊళ్ళో మంచంతా కరిగి సాయంత్రానికి వాగు పొంగింది.”

ఊరి జనాభా నాలుగు వేలేనని లెకీ గుర్తు చేశాడు. మిగతావాళ్ళు పొరుగూళ్ళ నించి మంచులో నడిచొచ్చారని వాటీ సర్దేశాడు. మర్నాడే గ్లాస్గో నించి ఒక పెద్ద క్లబ్బువాళ్ళు నల్ల కారు పంపారట, వెళ్ళలేదట. వెళితే పావురాలకి గింజలెవరు వేస్తారు?

“రైలూ ఓడా నేను తీసేస్తాను” అంది షీనా మళ్ళీ పెన్ను అందుకుని. “ఆ మూడో చెయ్యి కూడా. గోలు నీదే కదా, వాటీ? అది చెప్పు చాలు.”

“నాదే” అన్నాడు వాటీ. చిన్నగా అన్నాడు.

షీనా పుస్తకం తెరిచి, ఖాళీ ఉన్న వరుసలో మొదటి అక్షరం రాసింది.

“నాదొక సందేహం” అన్నారెవరో.

అందరూ అటు తిరిగారు. మూల బెంచీ మీద ఫ్లాస్కు పట్టుకుని కూర్చునే ఆయన. ఈ ఏడాదే ఊళ్ళోకి వచ్చి చేరాడు. ప్రతి శనివారం ఒక పై కొనుక్కుంటాడు, పై పొర విప్పి ముందు అది తిని తర్వాత లోపలిది తింటాడు. ఐసాకి ఆయన గురించి తెలిసింది అంతే. ఇన్ని శనివారాల్లో ఆయన నోట మాట రావడం ఎవరూ వినలేదు, పేరు ఎవరూ అడగలేదు.

“గోలు మీరు కొడితే, బోర్డు మీద ఒకటి అంకె తగిలించింది ఎవరు?”

ఆ రోజుల్లో గోలు వెనక చెక్క బోర్డు ఒకటుండేది. స్కోరు మారినప్పుడల్లా ఒక మనిషి నిచ్చెనెక్కి, మేకుకి రేకు అంకె తగిలించేవాడు. ఆ బోర్డు పీకేసి ముప్పై ఏళ్ళు దాటింది. లెకీ నవ్వబోయి, వాటీ మొహం చూసి ఆగిపోయాడు. రైలుకి జవాబు ఉంది, ఓడకి ఉంది, మూడో చేతికి ఉంది. దీనికి మాత్రం వాటీ వెనక్కి నెట్టిన టోపీని ముందుకి లాక్కున్నాడు.

“మీకెలా తెలుసండీ?” అంది షీనా.

ఆయన ఫ్లాస్కు మూత నెమ్మదిగా బిగించాడు. చెప్పొద్దన్నారు, అన్నాడు. ఎవరు వద్దన్నారంటే, అప్పటి మేనేజరు. మళ్ళీ కబురు పెడతాం, అప్పటిదాకా ఇక్కడ ఆడావని ఎవరికీ చెప్పకు అన్నాడట. ఆ కబురు రాలేదు.

“యాభై ఏళ్ళా?” అంది ఐసా.

“చెప్పొచ్చని ఎవరూ చెప్పలేదు” అన్నాడాయన. “మా ఆవిడక్కూడా చెప్పలేదు. కిందటేడు పోయింది. ఆ తర్వాత చెప్పాలనిపించింది, ఎవరికి చెప్పాలో తెలీలేదు. ఇక్కడికొచ్చి కూర్చుంటే ఈయన చెబుతున్నాడు. బాగుంది. నేనాడిన దానికంటే చాలా బాగుంది. ఈ పెయింటు సంగతి లేకపోతే ఇవాళ కూడా ఊరుకునేవాణ్ణి.”

తర్వాత ఆయన చెప్పింది నాలుగు ముక్కలు. మంచు చీలమండ దాకానే. చూడవచ్చినవాళ్ళు నలభై మంది కూడా లేరు, చివరికి వాళ్ళలో సగం ఇళ్ళకి పోయారు. బంతి ఎక్కణ్ణుంచో వచ్చి ఆయన మోకాలికి తగిలి లోపలికి పోయింది, అప్పుడు ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

“ఎవరూ అరవలేదు. గోలో కాదో కూడా తెలీలేదు నాకు. బోర్డు కేసి చూశాను. నిచ్చెన మీద ఒకాయన. చేతులు కొంకర్లు పోయి రేకు మేకుకి పట్టడం లేదు, రెండుసార్లు జారింది. మూడోసారి తగిలించి, నా వైపు తిరిగి టోపీ తీశాడు. నన్ను చూసి టోపీ తీసింది ఆయనొక్కడే.”

ఐసా కెటిల్ కింద మంట తగ్గించింది.

వాటీకి ఆ నిచ్చెన గుర్తుంది, దాన్నెక్కి అంకెలు తగిలించింది అతనే. ఆ నిచ్చెన కింది మెట్టుకి ఏడేళ్ళ పాటు ప్రతి శనివారం ఒక సంచీ వేలాడేది. అందులో అతని బూట్లు. ఎప్పుడైనా ఒక మనిషి తక్కువ పడకపోతాడా అని. ఆ రోజు తక్కువ పడ్డాడు. మేనేజరు మంచులో అడ్డంగా నడుస్తూ బోర్డు వైపే వచ్చాడు. వాటీ అప్పటికే ఒక కాలు కిందికి దింపాడు, ఒక చెయ్యి సంచీ మీద వేశాడు. ఎవడో కొత్తవాణ్ణి కారు మీద తీసుకొస్తున్నాం, ఆట కాస్త ఆలస్యమవుతుంది, చలికి అక్కడే ఉండకు, వెళ్ళి టీ తాగిరా అన్నాడు మేనేజరు. సంచీ చూశాడు. అందులో ఏముందని అడగలేదు.

షీనా తను రాసిన అక్షరాన్ని ఒక గీతతో కొట్టేసింది. మీ పేరేమిటండీ అని అడిగింది.

“ఫిన్లే రెనీ” అన్నాడాయన, వేరే ఎవరి పేరో చెబుతున్నట్టు.

మైదానంలో ఈల వినబడింది. లెకీ వాటీ భుజం మీద చెయ్యి వేయబోయి, ఎందుకో మానుకుని బయటికి నడిచాడు. షీనా పుస్తకం మూసుకుని వెళ్ళింది. ఐసా వెనక్కి తిరిగి అవసరం లేకపోయినా కప్పులు తుడవడం మొదలెట్టింది. వాటీ బల్ల మీద చల్లారిన టీ కేసి చూస్తూ కూర్చున్నాడు. ఇంక వచ్చే శనివారం ఇక్కడికి వచ్చి ఏం చెప్పాలి? ఆరు రోజుల మాటలు ఎక్కడ పొయ్యాలి?

గుమ్మం దగ్గర రెనీ ఆగాడు.

“రావడం లేదా?”

“మీరు వెళ్ళండి.”

“నేనొక్కణ్ణే నిలబడితే మళ్ళీ గోలో కాదో తెలీదు” అన్నాడు రెనీ.

కాసేపటికి వాటీ లేచాడు. ఇద్దరూ మైదానం పక్కగా నడిచి, పాత బోర్డు ఉండే చోట గోలు వెనక నిలబడ్డారు. బోర్డు తాలూకు రెండు ఇనప కాళ్ళు మాత్రం గడ్డిలో మిగిలాయి. చూడవచ్చినవాళ్ళు నలభై మంది కూడా లేరు. ఆట సాగుతోంది. రెనీ ఆట చూస్తున్నాడు. మాట్లాడకుండా నిలబడడం వాటీకి అలవాటు లేదు, ఐదు నిమిషాలు ఓపిక పట్టాడు.

“ఆ రోజు మంచు ఎంత పడిందో తెలుసా?” అన్నాడు.

“తెలుసు” అన్నాడు రెనీ. “నేనూ ఉన్నాను.”

యాభై ఏళ్ళుగా ఆ ప్రశ్న అడుగుతున్నాడు వాటీ. దానికి జవాబు వస్తే ఆ తర్వాత ఏం చెప్పాలో అతను ఎప్పుడూ ఆలోచించుకోలేదు.