జాబెజ్ బూట్ల సమాధి

1884. ఇంగ్లండు తూర్పు తీరాన థోర్న్‌విక్ రేవు, ఊరి సమాధుల తోట. చర్చి విడిచిన ఆదివారం మధ్యాహ్నం. నల్లబట్టల్లో కెజియా స్కర్. ఎదురుగా, పదకొండేళ్ళ కిందట పోయిన ఆమె మొగుడు జాబెజ్, నిక్షేపంలా.

"చెయ్యి తియ్యి. అది నా మొగుడి సమాధి."

"నేనే కదే నీ మొగుణ్ణి!"

"నా మొగుడు సముద్రంలో పోయాడు. రాతి మీద చెక్కి ఉంది, చదువుకో. ఇంత బరువైన రాయి అబద్ధమాడుతుందా?"

"పోలేదు కెజియా. ఆ పడవ నేనెక్కనే లేదు. రేవు దాకా వెళ్ళాను, అలలు చూశాను... రైలెక్కాను."

"వచ్చేటప్పుడు చేపల మీదికి వెనిగర్ తెస్తానన్నావు."

"తెద్దామనే అనుకున్నాను."

"పదకొండేళ్ళయింది!"

"అది సరే గానీ, మరి ఈ సమాధిలో ఎవరున్నారే?"

"నీ ఆదివారం బూట్లు. ఒళ్ళు దొరకలేదుగా. పెట్టెలో ఏదో ఒకటి పెట్టాలన్నారు."

"కొత్త బూట్లే అవి!"

"అందుకే అందరూ అంతలా ఏడ్చారు."

"ఎంత పని చేశావే! ఇప్పుడు తవ్వితే..."

"తవ్వితే నిన్నూ లోపలికి తోసి పూడ్చేస్తాను. గట్టిగా మాట్లాడకు. ఎవరైనా విన్నారంటే నా గది పోతుంది."

"ఏం గది?"

"నావికుల విధవల సత్రంలో గది. మొగుడు సముద్రంలో పోయినవాళ్ళకే ఇస్తారు. రెండు కిటికీలు, బొగ్గు పొయ్యి, బయట గులాబీ చెట్టు. నువ్వు బతికున్నావని తెలిస్తే సాయంత్రానికల్లా నా పెట్టె వీధిలో ఉంటుంది. తొమ్మిదేళ్ళు నీతో కాపురం చేశాను, ఒక్క కిటికీ ఎరగను. నువ్వు పోయావు, రెండొచ్చాయి."

"అంటే నేను బతికుంటే నీకు నష్టమంటావు."

"లాభమెవరికట? అసలెందుకొచ్చావు? నా మీద బెంగతో మాత్రం కాదు, ఆ మొహం నాకు తెలుసు."

"అదీ... అంటే... సమాధి వెతుక్కుంటూ వచ్చాను."

"ఎవరి సమాధి?"

"నీదే."

"నాదా!"

"అరవకే! హల్ పట్నంలో ఒకావిడ ఉంది, లవీనియా అని. టోపీల కొట్టు. చావు జరిగిన ఇళ్ళకి నల్ల టోపీలు కుట్టి అమ్ముతుంది. వచ్చే నెల మా పెళ్ళి. పెళ్ళాం పోయిందని చెప్పాను."

"నన్ను చంపేశావూ!"

"నువ్వు నన్ను చంపలేదూ? బూట్లతో సహా!"

"నేను నమ్మి చంపాను. నువ్వు తెలిసి చంపావు. ఏ రోగంతో పోయానేం?"

"దగ్గుతో."

"దగ్గా! పుట్టి బుద్ధెరిగాక నేను దగ్గలేదు. సరే, చంపినవాడివి చంపావు, మళ్ళీ సమాధి ఎందుకు?"

"దాని మీద పూలు పెడితే గానీ పెళ్ళికి ఒప్పుకోనంటోంది. గేటు దగ్గర పూలు కొంటోంది. వచ్చేస్తుంది! కెజియా అని ఉన్న రాయి ఏదో ఒకటి చూపించవే, నీకు పుణ్యముంటుంది."

"ఊరికంతా కెజియాని నేనొక్కదాన్నే. ఇదిగో, నీ పేరు కిందే ఉంది. 'ఆయన ప్రియ భార్య కెజియా'. అప్పుడే చెక్కేశారు, తేదీకి జాగా వదిలి."

"పైన నా పేరుందే!"

"దాని మీద పోయిన వారం నేను పెట్టిన ఈ దండ కప్పుతాను, జరుగు. తేదీ జాగాకి నా గౌను అడ్డం. ఆవిడ ఏడుస్తుంది, మీరు వెళ్తారు, నువ్వు మళ్ళీ ఈ ఊళ్ళో కాలు పెట్టవు. ఒట్టేనా?"

"ఒట్టు."

"బూట్ల మీద."

"బూట్ల మీద ఒట్టు! ఇదిగో వచ్చేసింది... రా లవీనియా, రా. పాపం, ఇదే నా కెజియా."

"అయ్యో, ఎంత చల్లటి చోటండీ! ఈ అమ్మగారెవరు?"

"సమాధులు తుడిచే ఆవిడ."

"తుడిచేదాన్ని కాదు తల్లీ, స్నేహితురాలిని. కెజియాకి నాకంటే దగ్గరివాళ్ళు లేరు."

"అయితే మీరైనా చెప్పండమ్మా, ఎలాంటి మనిషి? ఈయన్ని ఎప్పుడడిగినా దగ్గు సంగతే చెప్తారు."

"బంగారం. అలాంటి ఇల్లాలు ఈ రేవులో పుట్టలేదు. పైగా అందగత్తె. ఏమయ్యా, అవునా కాదా?"

"అ... అవును."

"వినపడలేదు."

"అందగత్తె!"

"వలలు అల్లి ఇల్లు గడిపింది. మొగుడేమో అలలు చూస్తే వణికే రకం. ఒకరోజు వెనిగర్ తెస్తానని వెళ్ళి..."

"వెళ్ళి?"

"దగ్గొచ్చింది! కెజియాకి! పోయింది!"

"మిమ్మల్ని కాదండీ అడిగింది. ఏమ్మా, వెనిగర్ అన్నారా? మొన్న నాకూ వెనిగర్ తెస్తానని వెళ్ళి మూడు రోజులకి తేలారు ఈయన."

"మూడే? నీది అదృష్టం తల్లీ."

"ఈ దండ వాడిపోయింది, తీసేసి నా పూలు పెడతాను."

"వద్దు లవీనియా!"

"వద్దు తల్లీ!"

"అదేంటి, ఇద్దరూ ఒకేసారి... 'సముద్రంలో పోయిన జాబెజ్ స్కర్, 1873'. ఏమండీ, ఇది మీ పేరే."

"వేరే జాబెజ్."

"'ఆయన ప్రియ భార్య కెజియా'... కాస్త జరగండమ్మా. తేదీ లేదే. మీ పేరేమిటమ్మా?"

"నా పేరుతో నీకేం పని తల్లీ?"

"మీ పేరు?"

"కెజియా. నీ కాళ్ళు పట్టుకుంటాను తల్లీ, ఎవరికీ చెప్పకు. చెబితే నా గది తీసేసుకుంటారు. ఆ గదిలోకి వచ్చాకే నేను కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయింది."

"నేనెవరికి చెప్తాను, ఏమని చెప్తాను? ఆయన పోయాడుగా. రాతి మీద ఉంది."

"లవీనియా! ఇక్కడే ఉన్నానే! ఇటు చూడు!"

"ఎవరో పిలిచినట్టు లేదూ?"

"గాలి. ఈ తోటలో ఎప్పుడూ అంతే."

"నల్ల టోపీలకి నా కొట్లో కొదవలేదు. చేసుకోబోయేవాడు సముద్రంలో పోయినా గది ఇస్తారా, అక్కా?"