వంటింట్లో కోరం

ప్లమ్ ఫోర్క్ కౌంటీలో హాస్కిన్స్ వాళ్ల వంటిల్లు. అక్టోబరు మధ్యాహ్నం. బల్లకు ఈ చివర లోయెల్ హాస్కిన్స్, ఆ చివర ఆయన భార్య నెడ్రా. ఇద్దరూ కౌంటీ బోర్డుకు ఎన్నికైనవాళ్లు. నడుమ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసు నుంచి వచ్చిన కుర్ర లాయరు డెలియా.

"మళ్లీ అడుగుతున్నానండీ హాస్కిన్స్ గారూ. ఆ గాలి దున్నను కొందామని ముందు అన్నదెవరు?"

"దున్న కాదమ్మాయ్. అడవిదున్న."

"సరే, అడవిదున్న."

"మా బడి ఫుట్‌బాల్ జట్టు పేరే అది. గాలి కొడితే గొడ్లచావడంత లేస్తుంది. ముక్కుల్లోంచి పొగ కూడా వస్తుంది. పిల్లలు దాని నోట్లోంచి మైదానంలోకి ఉరుకుతుంటే చూడాలి నువ్వు!"

"చూశాను. దాని ఫొటో మా ఆఫీసు గోడ మీదుంది. మా అటార్నీ జనరల్ గారు రోజూ దానికేసి చూసి పళ్లు నూరుతున్నారు. ఎవరన్నారు ముందు?"

"నేను కాదు."

"నెడ్రా గారూ?"

"నేనూ కాదు. ఈ గుమ్మడికాయ తీపిరొట్టె ఇంకో ముక్క పెట్టుకో తల్లీ. గాలికి ఎగిరిపోయేలా ఉన్నావు."

"చాలండీ. బోర్డులో ఉన్నదే ముగ్గురు. మీ ఇద్దరూ కాకపోతే మరి మెర్ల్ గారా?"

"మెర్లా! మీటింగు మొదలైతే చాలు లాయరమ్మా, వాడికి నిద్ర."

"నిద్ర కాదమ్మాయ్. కునుకు."

"గురక పెడితే దాన్ని కునుకనరని ఆయనకు చెప్పు, లాయరమ్మా."

"ఆయన మీ ఎదురుగానే ఉన్నారుగా. మీరే చెప్పండి."

"అమ్మో! నేను చెప్పకూడదు. మెర్ల్ గురక బోర్డు వ్యవహారం."

"ఏమిటండీ?"

"ముగ్గురి బోర్డులో ఏ ఇద్దరు ఒకచోట చేరి బోర్డు మాట ఒక్కటి మాట్లాడినా అది మీటింగే. జనానికి ముందుగా చెప్పకుండా, తలుపులు తెరవకుండా మీటింగు పెడితే నేరం. ఊరికి వచ్చి ఆ పాఠం చెప్పిపోయిందెవరు? మీ ఆఫీసే!"

"అది నిజమేననుకోండి, కానీ..."

"భార్యాభర్తలైతే ఎలాగండీ అని నేనే లేచి అడిగా. మంచం మీదైనా సరే అన్నాడు పాఠం చెప్పిన ఆ బట్టతలాయన. అందరిలోనూ!"

"ఆయన రిటైరయ్యారండీ."

"అయితే చట్టం కూడా రిటైరయిందా?"

"కాలేదు."

"మరి! ఆవేళ నుంచి ఈ ఇంట్లో బోర్డు మాట లేదు. మీటింగుకు ఆయన బండి ఆయనది, నా బండి నాది. ఒక బండిలో పోతే దారిలో ఏ మాట జారుతుందోనని. బడ్జెట్టు రోజుల్లో ఇక లాభం లేదని, పొద్దుటి ఫలహారానికి కోర్టు తలుపు మీద నోటీసు కూడా అంటించాం."

"ఫలహారానికా!"

"హాస్కిన్స్ వారి వంటింట్లో బహిరంగ సమావేశం, అందరూ ఆహ్వానితులే, అని. ఊరు ఊరంతా దిగింది. పాన్‌కేకులు పోసీ పోసీ నా చెయ్యి పడిపోయింది. బడ్జెట్టు గురించి ఒక్కడు నోరెత్తితే ఒట్టు. సిరప్ పలచగా ఉందని మాత్రం పాస్టరు గారు అభ్యంతరం చెప్పారు."

"అది మినిట్సులో కూడా ఎక్కిందమ్మాయ్."

"నవ్వించకండి, హాస్కిన్స్ గారూ. నేను నవ్వడానికి రాలేదు. మత్తులా అలవాటైపోయే ఆ నొప్పి మాత్రల కంపెనీ మీద మా ఆఫీసు ఏళ్ల తరబడి కోర్టులో కుస్తీ పట్టింది. వాళ్ల లాయర్ల బూట్లు అమ్మితే మా జీతాలొస్తాయి, అలాంటివాళ్లతో. అయినా గెలిచాం. ఆ డబ్బు ఎవరిది? ఆ మాత్రలు మింగి బతుకు పోగొట్టుకున్నవాళ్లది. మాత్రలు మానుకుంటున్నవాళ్లు ఉండే ఇల్లుంది కదా లూథరన్ చర్చి వెనక, దానికి పెట్టమని మీ కౌంటీ వాటా మీ చేతికిచ్చాం. మీరు దున్నను కొన్నారు."

"అడవి..."

"అడవిదున్నను!"

"దాని నాలుక మీద 'మాత్రలు వద్దు' అని రాయించాం కదమ్మా. అలా రాయిస్తే అది కూడా మంచి పని కిందే వస్తుందని మా కౌంటీ లాయరు అన్నాడు."

"తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికి అన్నాడట! ఆ పిల్లలు ఉరికేది ఆ నాలుకను తొక్కుకుంటూనే కదా. దాన్ని చదివేదెవరు?"

"బోర్లా పడ్డవాడు చదువుతాడు."

"హాస్కిన్స్ గారూ!"

"సరే సరే. చెప్పు."

"అమ్మినవాడితో మేం మాట్లాడాం. వాపసు తీసుకుంటానన్నాడు. రేపు పొద్దున మీటింగులో రెండు ఓట్లు పడితే చాలు, డబ్బు తిన్నగా ఆ ఇంటికి పోతుంది. పడకపోతే మా అటార్నీ జనరల్ గారు మీ కౌంటీ మీదే దావా వేస్తారు. ఆ డబ్బు కోర్టులో ఇరుక్కుంటుంది. అది తేలేలోపు, ఈ నెలాఖరుకే, ఆ ఇంటికి తాళం పడుతుంది. అక్కడున్నవాళ్లు మళ్లీ వీధిన పడతారు. ఇంత చిన్న ఊళ్లో వాళ్లెవరో మీకు తెలియకుండా ఉండదు."

"కాఫీ చల్లారిపోయినట్టుంది. వేడి చేసుకొస్తా."

"నా కప్పు ఖాళీ అండీ, నెడ్రా గారూ."

"అయితే నింపుకొస్తా."

"హాస్కిన్స్ గారూ, మీరైనా చెప్పండి. రేపటి సంగతేమిటి?"

"ఈ ఏడు మొక్కజొన్న బాగా పండిందమ్మాయ్."

"నేనడిగింది మొక్కజొన్న గురించి కాదు."

"వాన కూడా వేళకు పడింది."

"పోనీ, జరిగిపోయిందే చెప్పండి. ఆ రోజు దానికి మీరెందుకు అవునన్నారు?"

"నేనా? అది కావాలన్న జట్టు కోచ్ ఎవరనుకున్నావు? ఆవిడ తమ్ముడు డ్వేన్. వద్దంటే ఆవిడ మనసు కష్టపెట్టుకుంటుందని అవునన్నా. నాకైతే ఆ రబ్బరు పీడను చూస్తేనే ఒళ్లు మండుతుంది."

"ఇందాక 'చూడాలి నువ్వు' అన్నారు!"

"కొన్నాక మెచ్చుకోక చస్తామా?"

"ఏమంటున్నాడూ? పొయ్యి దగ్గరున్నా నా చెవులు పనిచేస్తాయి! డ్వేన్ కోసమా? మా అమ్మ పింగాణీ గిన్నెల దగ్గర వాడితో చెడిన దగ్గర్నుంచీ వాడి మొహమే చూడలేదు నేను! ఈయన కోసం అవునన్నా, లాయరమ్మా. శుక్రవారం ఆట ఓడితే శనివారం ఆవుల్ని కూడా పలకరించడు ఈ మనిషి. ముచ్చటపడుతున్నాడు కాబోలు, పోనీలే అనుకున్నా."

"ఆగండాగండి. అంటే మీకూ వద్దు, ఆయనకూ వద్దు."

"వద్దు."

"ఇద్దరూ అవునన్నారు."

"అన్నాం."

"ముందురోజు ఒక్క మాట అడిగి ఉంటే..."

"అడిగితే నేరం."

"దేవుడా! మరి మెర్ల్ గారు?"

"లేపాం. ఏమిటన్నాడు. అవునన్నామన్నాం. అయితే అవునన్నాడు."

"అంటే... ఇదంతా మా చట్టం చేసిన నిర్వాకమన్నమాట."

"మేం అనలేదు తల్లీ. నీ నోటితో నువ్వే అన్నావు."

"సరే, ఇప్పుడు తెలిసిపోయిందిగా. ఇక రేపు మీ ఇద్దరూ..."

"నోరు మూసుకో! నా మాట ఆయనకూ, ఆయన మాట నాకూ నువ్వు మోసినా అదీ నేరమే. అది కూడా మీ బట్టతలాయనే చెప్పాడు."

"అవునండోయ్... ఛ! అయితే ఇప్పటిదాకా ఇక్కడ జరిగింది?"

"జరిగిందేదో జరిగింది. ఏం చేస్తావు, నీ చేతులకు నువ్వే సంకెళ్లు వేసుకుంటావా?"

"నాకు తల తిరుగుతోంది. ఓటు మాట వదిలేయండి. ఒక్కసారి ఆ ఇంటికి వెళ్లి అక్కడి మనుషుల్ని చూశారా మీరు? చూస్తే..."

"ఆ ఇంటి మాట ఎత్తకమ్మాయ్."

"ఎందుకని?"

"ఎత్తకన్నానా!"

"ఎందుకో నేను చెప్తా, లాయరమ్మా. మా కార్లిస్ ఆ ఇంట్లోనే ఉంది."

"కార్లిస్ అంటే..."

"మా పిల్ల. గుర్రం మీంచి పడి నడుం విరిగితే డాక్టరు రాసిచ్చాడు ఆ మాత్రలు. నడుం అతుక్కుంది. మాత్రలు వదల్లేదు. వాటి కోసం నా గాజులు పోయాయి, ఈయన తుపాకీ పోయింది, చివరికి లేగదూడ పోయింది. ఆ రోజు ఈయన వాకిట్లో నిలబడి పొమ్మన్నాడు. పోయింది. ఇప్పుడు ఎండాకాలం నుంచీ ఒక్క మాత్ర ముట్టకుండా ఉంది అక్కడ. ఆ ఇంటికి తాళం పడితే అది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. పోదాం రా, చూసొద్దాం అంటే ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నారు?"

"ఆ ఇల్లు బోర్డు వ్యవహారం. అది ఆ ఇంట్లో ఉంది. కాబట్టి అదీ బోర్డు వ్యవహారమే. మనం మాట్లాడుకోకూడదు, అన్నాడు."

"హాస్కిన్స్ గారూ! కన్నకూతురు బోర్డు వ్యవహారం కాదండీ!"

"కాదా?"

"కాదు! ఏ చట్టంలోనూ లేదు!"

"ఉంటే బాగుండునని అనుకున్నానమ్మాయ్."

"విన్నావా? విన్నావా ఆ మాట! లాయరమ్మా, నేను బోర్డు వదిలేస్తే ఈ మనిషితో మాట్లాడొచ్చా?"

"మాట్లాడొచ్చు. కానీ వదలకండి! రేపు రెండు ఓట్లు కావాలి. మీరు లేకపోతే మిగిలేది ఈయనా, మెర్ల్ గారూ."

"ఈయన ఎటు వేస్తాడో నాకు తెలియదు, అడగడానికి లేదు. కనీసం నాలుగు మాటలతోనైనా కడిగేస్తా ఈయన్ని. లోపల పేరుకుపోయి మాగిపోతున్నాయి. కలం ఉందా నీ దగ్గర?"

"నెడ్రా గారూ, ఒక్కసారి ఆలోచించండి..."

"కలం ఇస్తావా, లిప్‌స్టిక్‌తో రాసుకోనా?"

"నెడ్రా. ఆగు."

"ఎవరది మాట్లాడింది?"

"నేనే. నువ్వు బోర్డు వదలకు."

"లాయరమ్మా! బోర్డు మాట! నాతో! తిన్నగా నా మొహమ్మీదే! పట్టుకో ఈయన్ని!"

"హాస్కిన్స్ గారూ, నా ఎదుటే మీరిలా..."

"నేను బోర్డులో లేనమ్మాయ్. పొద్దున్నే వదిలేశా. కౌంటీ క్లర్కు గుమ్మం తెరిచేసరికి అక్కడ నిలబడి, రాజీనామా ఇచ్చేసి వచ్చా."

"వదిలేశావా? మీ నాన్న కూర్చున్న కుర్చీ!"

"ఆయన్ని గుచ్చిన ముళ్లు కూడా అందులోనే ఉన్నాయి."

"ఎందుకయ్యా?"

"మెర్ల్‌తో మాట్లాడాలని. బోర్డులో ఉండి మాట్లాడితే నేరం. లేకపోతే నేను వాడి పొరుగువాణ్ణి, అంతే. క్లర్కు దగ్గర్నుంచి తిన్నగా వాడి దొడ్లోకి పోయా. 'ఒరే మెర్ల్, రేపు పొద్దున నువ్వు...' అని ఎత్తుకున్నా. దానికి వాడేమన్నాడంటే..."

"ఆపండి! మెర్ల్ గారు ఏమన్నారో ఆవిడకు చెప్పకండి! నా ముందు అసలు చెప్పకండి!"

"చెప్పను. ఏడ్చాడు. అదైనా చెప్పొచ్చా?"

"...చెప్పొచ్చు. ఏడుపు బోర్డు వ్యవహారం కాదు."

"కార్లిస్‌కు గుర్రం ఎక్కడం నేర్పింది వాడే, అమ్మాయ్. ఆ పిల్ల అక్కడుందని వాడికి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదట."

"నిద్రపోయేవాడికి ఎవరు చెప్తారు? ఆ సంగతి పక్కనపెట్టు. అంటే పొద్దున్నుంచీ నువ్వు నాతో మాట్లాడొచ్చు. నేను బజారు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ మాట్లాడొచ్చు! ఈ పిల్ల వచ్చి ఇంతసేపూ తల బాదుకుంటుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు. మొక్కజొన్నట! వానట! ఎందుకు మాట్లాడలేదూ?"

"మాట్లాడితే నువ్వు కేకలేస్తావని."

"వేస్తా! ఎందుకు వేయనూ? కౌంటీ కౌంటీ అంతా వినేలా వేస్తా! అక్కడ నా పిల్ల ఒక్కతీ..."

"వేద్దువుగాని, నెడ్రా. కాసేపాగు. ఆ ఇంటివాళ్లను సాయంత్రం దాకా సెలవడిగి తీసుకొచ్చా. మేడ మీద, తన గదిలో, నిద్రపోతోంది కార్లిస్."