అచ్చు అతికే చేయి

"అవ్వా, లాక్‌డౌన్‌లో నువ్వేం నేర్చుకున్యావో చెప్పు. కాలేజీలో పెద్దోళ్లని అడిగి రాసుకోని రమ్మన్యారు."

నేనేం నేర్చుకుంటానే పాపా, ఈ వయసులో. నేర్చుకునిందంతా పక్కింట్లో మీ చిన్నవ్వ రత్నమ్మే. పో, ఆమెనడుగు. నీకు గూడా ఆమంటేనే కదా ఇష్టం. హిందూపురంలో బస్సెక్కి ధర్మవరంలో దిగితే ముందు ఆ గడపే తొక్కుతావు, ఆమె చేసే తీపి ఓళిగలు ఆడుంటాయి కదా. ఏం లేదులే, ఊరికే అంటాండా. ఆ ఫోను అట్ల పెట్టు. దూరం నుంచి మాట్లాడినా వినపడతాదా దానికి? సరే.

రత్నమ్మ నా తోడికోడలు. నేను పెద్దకోడలు, ఆమె చిన్నకోడలు. రెండిండ్లకీ నడాన ఒకటే గోడ. నాది పెనుకొండ, మా నాయన ఇంట్లో గూడా మగ్గాలే. ఆమెది చెన్నేకొత్తపల్లి, వాళ్ల నాయనకి అంగడి ఉండ్య. పెండ్లై వచ్చేదాకా మగ్గం మొగం చూసింది లే. అయినా ఏం లాభం? ఆమె వచ్చినప్పట్నుంచి మా అత్తమ్మకి రత్నే. కూర రత్న చేస్తే రుచి, ముగ్గు రత్న ఏస్తే ముగ్గు. ఆమెకి జడ ఈడిదాకా, నడుం కింద దాకా ఉండ్య. నాది చూస్తాండావు కదా, ఎలకతోక. నాకు కుళ్లు లేదని ఎవురన్నా అంటే నమ్మొద్దు పాపా. కండ్లల్లో నిప్పులు పోసుకున్యా నలభై ఏండ్లు.

కానీ ఒక్కదాంట్లో నేనే పైన. అచ్చు అతికేదాంట్లో. అదేందో మీ కాలేజీ వాళ్లకి తెలీదులే, రాసుకో. మగ్గం మింద చీరలు అయిపోతాయి కదా, అప్పుడు పాత దారాల కొసలు రవ్వన్ని ఇడిసిపెడతాము. ఆ కొసలకి కొత్త పట్టుదారాలు ఒక్కొక్కటే జతబెట్టి, వేళ్లకి బూడిద పూసుకోని మెలేస్తే అతుక్కుంటాది. ముడి వేయకూడదు. ముడేస్తే అది దువ్వెన మాదిరుండే అచ్చు పండ్లల్లో ఇరుక్కోని తెగుతాది. వేల దారాలు! ఒకరు పక్కన కూచోని పోగులు అందియ్యాల, ఇంకొకరు మెలేయాల.

ఈ ఈదిలో యా మగ్గానికైనా నేనే మెలేసేది. మా నాయన తల్లి నేర్పించింది. అప్పుడు ఒక అచ్చుకి రెండు రూపాయలు... కాదు కాదు, మూడు. మూడు రూపాయలకి సినిమాకి పోయి, వచ్చేటప్పుడు మల్లెపూలు గూడా కొనుక్కోని వస్తాంటిమి. అతికిన ఇంట్లో టెంకాయ కొట్టి, ముందు నాకు ఆకు వక్క ఇచ్చి, కూచోబెట్టి బువ్వ పెడతాండ్రి. పోగులు అందిచ్చేది ఎవురనుకుంటివి? రత్న. ఆ ఒక్క తావులోనే ఆమె నా కింద ఉండ్య. నాకు అది చాలు.

ఆ... యాడున్యా? లాక్‌డౌన్. అది పెట్టే ముందు నా మగ్గానికి కొత్త అచ్చు అతుక్కోని ఉన్యా. మీ తాత నేస్తాండాడు. రత్నా వాళ్ల అచ్చు సరిగ్గా ఆ వారమే అయిపోయింది. సావుకారు ఇచ్చిన పట్టు ఇంట్లోనే ఉండాది, అతికేదొకటే తక్కువ. చీర నేసిస్తేనే కదా కూలి. వాళ్లింట్లో స్టోరు బియ్యం తప్ప ఇంకేం లేవని నాకు తెలుసు. మీ చిన్నతాతకి ఆయాసం, మందులు గూడా కొనల్ల.

రత్న దొడ్లో గోడ మిందనుంచి పిలిచింది. "అక్కా, రేపొచ్చి అచ్చు అతుకుతావా" అని.

నేనేమన్యానో తెలుసా? "దూరం దూరం ఉండాలంట రత్నా, టీవీలో చెప్తాండారు కదా. మాకు వయసైంది" అన్యా. ఆ పొద్దు పొద్దున్నే ఎదురింటామెతో మెట్ల మింద ఒరుసుకోని కూచోని చింతపండు గింజలు తీసినా. అప్పుడు యాడ పోయిందో ఆ దూరం! ఊరికంతా రోగమొస్తే నాకు సాకు దొరికింది. రెండు దినాలు బతిమాలనీ, నా చేయి లేకపోతే మగ్గం ఆడదని తెలియనీ, అప్పుడు పోదాంలే అనుకున్యా.

బతిమాలలే పాపా. "సరేలే అక్కా, జాగ్రత్త" అని దిగిపోయింది. మీ తాత నా మొగం చూసినాడు, మళ్లీ మగ్గంలోకి దిగినాడు. ఆయప్ప తిట్టింటే బాగుండు.

వారం దినాలు పక్కింట్లో సప్పుడు లే. నాకు బువ్వ రుచిగానే ఉండ్య, ఎందుకబద్ధం చెప్పల్ల. ఎనిమిదో దినమో తొమ్మిదో దినమో, నేను రాగులు చెరుగుతాండా, టక్ టక్ టక్ అని గోడవతల మగ్గం ఆడింది. నాకు చేట జారిపోయింది. ఎవురతికింటారు? పోలీసోళ్లు ఈదిలోకి ఎవురినీ రానియ్యరు కదా. పీట ఏసుకోని గోడెక్కి చూసినా. రత్న దొడ్లో కూచోని వేళ్లకి ఆముదం పూసుకుంటాంది. వేళ్లు పగిలి ఎర్రగా ఉండాయి.

"ఎవురతికిరే?" అంటి.

"నేనే అక్కా. నీ పక్కన కూచోని అన్నేండ్లు పోగులు అందిచ్చినా కదా, చూసి చూసి వచ్చింది. నీదైతే దినమున్నర పని, నాకు ఎనిమిది దినాలు పట్టింది" అనింది, నవ్వుతానే.

నేర్పినదానికి సంతోషం కావల్ల కదా? నాకు కాలే. గోడ కాడ కూచోని చెవి పెట్టి విన్యా. దారం తెగితే మగ్గం ఆగాల కదా, ఎన్నిసార్లు ఆగుతాదో అని. తెగల్ల దేవుడా, ఎంకటరమణా, ఒక్కటన్నా తెగల్ల అని మొక్కుకున్యా. నవ్వొద్దే! జనాలు ప్రాణాలకి మొక్కుకుంటాండారు, నేను దారాలు తెగేదానికి మొక్కుకుంటి. ఆగనే లే ఆ మగ్గం.

తర్వాత మా అచ్చు అయిపోయింది. బూడిద పూసుకోని కూచుంటే, దారం రెండు దారాలై కనపడతాండాది. కంటికి పొర కమ్మింది. ఆపరేషన్ చేసేటోళ్లు ఎవురూ లేరు అప్పుడు, అన్నీ మూసినారు. మూడు దినాలు కూచున్యా. అతికినవి అతికినట్లే ఊడిపోతాండాయి. మీ తాతతో గూడా చెప్పలే, నడుం నొప్పి అన్యా. రత్నని పిలుస్తానా? సచ్చినా పిల్చను.

నాలుగో దినం తనే వచ్చింది, కొంగు మూతికి కట్టుకోని. మా మగ్గం సప్పుడు ఆగిపోయింది కదా, ఆమెకి గూడా వినపడింటాది. నా పక్కన కూచోని బూడిద చేతికి తీసుకుంది.

"దూరం ఉండాలంట కదే" అన్యా.

"మనమిద్దరం ఎప్పుడు దగ్గరగా ఉన్యామక్కా, ఇప్పుడు కొత్తగా దూరం ఉండేకి" అనింది. తలెత్తకుండానే అనింది. కోపంగా గూడా అనలే.

నేను జరిగి ఆమెకి తావిచ్చినా. ఆ పొద్దు మొదలు మూడు దినాలు నేను పోగులు అందిస్తి, ఆమె మెలేసింది. అయిపోయినాక బొటనవేలితో ఈ కొస నుంచి ఆ కొసదాకా తడిమి చూసినా. కండ్లు పోయినాయి గానీ వేలు పోలే కదా. ఒక్క ముడి లే, ఒక్క గరుకు లే. "ఎట్లుందక్కా?" అని అడిగింది. నిజంగా అడిగింది పాపా, చిన్నపిల్ల పలక చూపిచ్చినట్ల. బాగుందే అని నాలిక మిందికి వచ్చింది. "ఏదో, నడుస్తాది" అన్యా. ఆమె సరే అని చేతులు కడుక్కునేకి పోయింది.

అంతే. లాక్‌డౌన్ ఎత్తేసినారు, నాకు కంటి ఆపరేషన్ అయ్యింది, ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తా. కానీ ఈదంతా రత్నమ్మనే పిలుస్తారు. ఆమె ఊరుకోదు, "అక్క లేకుంటే నాకు చేయి ఆడదు" అని నన్ను తోడు పిలుచుకోని పోతాది. పోతా. పక్కన కూచోని పోగులు అందిస్తా. కుళ్లుకుంటానే అందిస్తా. ఆకు వక్క ముందు ఆమెకి ఇస్తారు.

"ఇప్పుడన్నా చెప్పచ్చు కదవ్వా, బాగుందని?"

చెప్పచ్చు. నీకు సులభం. ఇన్నేండ్లు మింగిన మాట, గొంతులోనే పాతుకుపోయింది. ఇటు రా, తల దగ్గరికి పెట్టు. నాకంటే మంచి చేయి రావల్ల నా తల్లికి. నీకంటే మంచి చేయి నీ పక్కన వచ్చి కూచుంటే, బాగుందని ఆ పొద్దే చెప్పే నోరు గూడా రావల్ల. చేయి ఎంత మంచిదైనా ఆ నోరు లేకపోతే... రత్న రేపు గూడా రమ్మనింది, మూలింటోళ్ల మగ్గానికి. పోవల్ల. పోయి, పోగులు అందిస్తా అందిస్తా ఒకవేళ... ఏమో పాపా. ఆమె మళ్లీ ఒకసారి "ఎట్లుందక్కా" అని అడిగితే...