అక్క దవడ కింది మచ్చ

అది కాదక్కా, నాలుగుసార్లు వెనక్కి కొట్టారు వాళ్లు. నువ్వు కిటికీ పక్కన మిషన్ ముందు కూర్చుని జాకెట్టు కుడుతున్న ఫొటో అది. ఎంత బాగా వచ్చిందని మురిసిపోయాను! ఎవరికి ఏ బొమ్మ కావాలన్నా అందులోంచి కొనుక్కుంటారు చూడు, ఆ వెబ్‌సైటు వాళ్లకి మాత్రం ఆనలేదు.

నువ్వు మాట్లాడకు. నోరు కదిపితే కుట్లు లాగుతాయని నర్సు ఇందాకేగా చెప్పి వెళ్లింది. తల కూడా ఊపకు. నేను వాగుతాను, నువ్వు విను. మనింట్లో ఇన్నాళ్లూ ఇది తిరగబడి ఉండేది, ఏం చేస్తాం.

మొదటిసారి గరుకుగా ఉందన్నారు. వెలుతురు చాలకపోతే ఫొటో మీద ఇసుక చల్లినట్టు వస్తుంది, అదన్నమాట. సరే, కర్టెన్ తీసేసి పొద్దున పదింటికి తీశాను. రెండోసారి మిషన్ మీద కంపెనీ పేరు కనిపిస్తోందన్నారు. నువ్వే కదా దాని మీద గుడ్డపీలిక అంటించావు. మూడోసారి ఫొటోలో కళ్లు మసకగా ఉన్నాయన్నారు. స్టాండు కొన్నాను, నిన్ను ఊపిరి బిగబట్టమన్నాను. నువ్వేమో బుగ్గలు పూరించి కూర్చున్నావు. నవ్వకు, నవ్వకు, చెప్పానా.

నాలుగోసారి లెన్సు మీద దుమ్ము చుక్కంట. అంత చుక్క! అప్పటికి బుద్ధొచ్చింది నాకు. ఫొటో ఇలా దూరం నుంచి చూసి బాగుందనుకుంటే సరిపోదు. కంప్యూటర్లో నూటికి నూరు పాళ్లూ పెద్దది చేసి, ఈ మూల నుంచి ఆ మూల దాకా వెతకాలి. చిన్నప్పుడు నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని పేలు చూసేదానివే, అలాగ.

చూశానక్కా. ప్రతి ఫొటో అలాగే చూశాను.

నీళ్లు కావాలా? వద్దా? సరే.

పొద్దున పెద్ద డాక్టరు అడిగారు కదా, కోసి తీసిన ఆ మచ్చ ఎప్పటి నుంచి పెరుగుతూ వచ్చిందని. నువ్వు కాగితం మీద రెండు నెలలు అని రాశావు. నీకు తెలిసింది అంతే మరి. చెవి కింద, దవడ అంచున ఉన్నదాన్ని అద్దంలో ఎలా చూస్తావు? తల దువ్వుకుంటుంటే చేతికి తగిలింది, డాక్టరు దగ్గరికి వెళ్లావు. నీ తప్పేముంది అందులో?

అప్పుడు బావ ఎంత గర్వంగా అన్నాడు! "మా బావమరిది ఫొటోగ్రాఫరండీ, దీని ఫొటోలే వందలున్నాయి, చూసి చెబుతాడు" అన్నాడు. డాక్టరు మొహం వెలిగిపోయింది. ఎప్పుడు మొదలైందో తెలిస్తే ఎంత లోతుకు పోయిందో, మళ్లీ కోయాలో వద్దో, ఏ మందు పెట్టాలో ఒక అంచనా వస్తుందంట. నేను ఫోన్ వచ్చినట్టు నటించి వరండాలోకి వెళ్లిపోయాను. ఫోన్ రాలేదక్కా.

వందలున్నాయి. ఒక్కదాంట్లోనూ మచ్చ లేదు. నేనే తీసేశాను.

స్టూడియోలో పదమూడేళ్లు అదే కదా నా పని. అప్లికేషన్ ఫొటోకి ఎవడొచ్చి కూర్చున్నా, మొటిమ పోవాలి, గీత పోవాలి, కళ్ల కింద నలుపు పోవాలి. కళ్లు చూసేలోపే చెయ్యి తుడిచేస్తుంది. తుడవకముందున్న అసలు ఫొటోలు కంప్యూటర్లో చోటు చాలట్లేదని ఎప్పటికప్పుడు చెరిపేశాను. బాగున్నవే మిగిలాయి.

కానీ నోటుబుక్కుంది. ఏం మారిస్తే ఒప్పుకుంటారో తెలియాలని ప్రతిసారీ తేదీ వేసి అన్నీ రాసుకునేవాణ్ణి. మచ్చలు తీయడానికి గుండ్రటి బ్రష్ ఒకటి ఉంటుంది. మచ్చ కంటే కాస్త పెద్దగా పెట్టుకుని ఒక నొక్కు నొక్కితే పక్క చర్మం వచ్చి కప్పేస్తుంది. నీ దవడ మీద మొదటిసారి బ్రష్ సైజు పన్నెండు పెట్టాను. రెండోసారి పద్నాలుగు. తర్వాత ఇరవై. ఫొటో ఒప్పుకున్న రోజున ముప్ఫై ఆరు. అదే కెమెరా, అదే స్టాండు. నువ్వు నేల మీద సుద్దతో గీసిన గీత మీదే కుర్చీ. నువ్వు దగ్గరకి జరిగిందీ లేదు, దూరం వెళ్లిందీ లేదు.

చేతి అలవాటు, చూసుకోలేదు అని చెప్పొచ్చు. పొద్దున్నుంచి నాకు నేను అదే చెప్పుకుంటున్నాను. బావైతే నమ్ముతాడు కూడా.

చూశానక్కా. ఇరవై పెట్టిన రోజే చూశాను. అంచు చెదిరిపోయి, ఒక పక్క నలుపు, ఒక పక్క ఎర్రన. తుడవడానికి అక్కడ పెద్దది చేస్తే స్క్రీన్ నిండా అదే. ఇదేంటి ఇలా ఉంది, అక్కకి చెప్పాలి అనుకున్నాను.

చెబితే నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్తావు. కోస్తారు. నెల్లాళ్లు కట్టు, ఆ తర్వాత మొహం మీద గీత. అప్పటికి మూడుసార్లు వెనక్కొచ్చింది, ఇంకొక్కసారి సరిగ్గా తీస్తే ఒప్పుకుంటారనిపించింది. ఒప్పుకున్నాక చెబుదామనుకున్నాను. ఒప్పుకున్నారు. వెతికేవాళ్లకి దొరకడానికి కింద నాలుగు మాటలు రాయమంటే కుట్టుపని, మహిళ, వెలుతురు, ఆరోగ్యం అని రాశాను. అదే మనిషివి ఇంకో ముప్ఫై ఫొటోలు పంపితే బాగా అమ్ముడుపోతాయని తోచింది. సరే, ఆ ముప్ఫై కూడా అయ్యాక చెబుదాంలే అనుకున్నాను.

నాలుగింటికి డాక్టరు మళ్లీ వస్తారు. ఆ కాగితం ఇలా ఇవ్వు. రెండు నెలలు కొట్టేసి పద్నాలుగు నెలలు అని రాస్తాను. ఎలా తెలుసని అడుగుతారు. నోటుబుక్కులో మొదటి పన్నెండు పక్కనున్న తేదీ చూపిస్తాను, బావ ముందే చూపిస్తాను.

నా తల మీద నుంచి చెయ్యి తియ్యక్కా. నీకు సరిగ్గా వినపడినట్టు లేదు. తెలియక కాదు, తెలిసే చెప్పలేదు నేను.