ఆరు వేళ్ల మనిషి చేను

భద్రాచలంలో విలేకరి వెంకటప్పయ్య ఇల్లు. ఆయన పోయి రెండేళ్లయింది. బతికినన్నాళ్లూ అడవి పల్లెలు తిరిగి రాసిన కాగితాలన్నీ ఎరువుల బస్తాల్లో ఉన్నాయి. గోదారి పొంగిన ప్రతిసారీ బియ్యం కంటే ముందు మేడెక్కేవి ఆ బస్తాలే. ఇవాళ వాటిని విప్పుకుని వసారాలో కూర్చున్నారు ఆయన భార్య భారతమ్మ, రేలగుంపు నుంచి వచ్చిన పగిడయ్య.

"ఇది కూడా కాదు పగిడయ్యా. కుసుమంచి గుడి గురించి రాశారు."

"ఇంకో బస్తా ఉన్నది కదమ్మా."

"ఉంది, ఉంది. నడుం పట్టేసింది, కాస్త ఆగు. అసలు ఆయన మీ ఊరి గురించి రాసినట్టు నీకు గట్టిగా తెలుసా?"

"తెలుసా అంటవేందమ్మా! సారు మా ఇంట్ల రెండు దినాలున్నడు. మా అయ్య పక్కన కూసోని రాసుకున్నడు. నాకు అప్పుడప్పుడే మీసం వస్తున్నది."

"అంటే ముప్పై ఏళ్ల కిందటి మాట."

"అవ్. అప్పటికే మా చేను ఉన్నదని ఆ కాగితమే చెప్పాలె. పట్టా కావాలంటే పాత రుజువు తెమ్మంటుండ్రు ఆఫీసుల. ఎల్లుండి ఫారెస్టోళ్ల జేసీబీ వస్తదమ్మా. చేను చుట్టూ కందకం కొట్టి మొక్కలు పెడ్తరంట. పత్తి మోకాలెత్తు ఉన్నది."

"అయ్యో రామ! పంట మీదనే?"

"పట్టా లేనోడి పంట గడ్డితో సమానం. అదే వాగవతల ఇప్పలపాడోళ్లను చూడు, మొన్ననే పట్టాలొచ్చినయ్. వాళ్లే చెప్పిండ్రు, సారు ఇంటికి పో, అమ్మ మంచిది, వెతికిస్తదని."

"ఇప్పలపాడు వాళ్లా! ఉగాది తర్వాత వచ్చారు. వాళ్లది చిటికెలో దొరికింది. పేరు పైనే ఉంది, పెద్దక్షరాల్లో. జిరాక్స్ తీయించి ఇచ్చాను. పాపం, మళ్లీ వచ్చి సీసాడు తేనె ఇచ్చి వెళ్లారు."

"మాది దొరికితే నేనూ తెస్త."

"నీ తేనె నాకెందుకయ్యా! దొరికితే అంతే చాలు. మీ ఊరి పేరు ఎక్కడా కనపడటం లేదు మరి. రేలగుంపు, రేలగుంపు..."

"పేరు ఉండదేమో."

"ఏంటీ?"

"పేరు... నేనే వద్దన్న. సారు రెండు చేతులు పట్టుకొని, మా ఊరి పేరు మాత్రం రాయకు సారూ అన్న."

"ఓరి నీ! పొద్దుటి నుంచి పేరు పట్టుకునే వెతికిస్తున్నావు కదయ్యా! ఎందుకు వద్దన్నావు?"

"అప్పటి రోజులు గట్లుండె. అడవిల తిరిగే అన్నలకు ముద్ద పెట్టిన ఊరంటే తెల్లారి పోలీసు జీపు దిగేది. పెట్టకపోతే రాత్రికి వాళ్లు దిగేటోళ్లు. ముందు నుయ్యి, ఎనక గొయ్యి. సారు నవ్విండు. సరేలే, వేరే పేరు పెడతనన్నడు."

"అలాగైతే చిత్తు కాగితాల్లోనూ ఉండదు. ఇల్లు సోదా చేస్తారని అన్నిట్లో మార్చేసేవారు. ఏది మార్చారో నాతో కూడా అనేవారు కాదు. నేనెక్కడని వెతకను?"

"పేరు లేకున్నా ఊరుంటది కదమ్మా. నాకు అక్షరం రాదు. నువ్వు చదువు, ఇంటే నేను పట్టుకుంట."

"సరే, విను. 'చెరువు గట్టు మీద...'"

"మాకు చెరువు లేదు."

"ఇదో? 'వాగు ఒడ్డున జొన్న చేను. మంచె మీద ముసలాయన రేకు డబ్బా కొట్టి ఎలుగుబంటిని తోలుతున్నాడు...'"

"ఆగు, ఆగు. మళ్ల చదువు."

"'...మంచె దిగుతుంటే ఆయన ఎడమ కాలు చూశాను. ఆరు వేళ్లు. ఎలుగు కూడా నా అడుగు చూసి జడుసుకుంటది అని నవ్వాడు.'"

"మా అయ్య! అమ్మా, మా అయ్యే! ఆరు వేళ్లు మా అయ్యకే. ఆ మాట దినాం అనేటోడు. ఎట్ల నవ్వుతుండో సూడు, సూడమ్మా..."

"ఏడవకయ్యా. దొరికింది కదా."

"ఏడుస్తలేను. చేను గురించి చదువు."

"'తాతల నాటి నుంచి దున్నుకుంటున్న చేను అది. ఆ రాత్రి అన్నలు వచ్చారు. ముసలాయన ఆకలి తీరా జొన్న గటక పోయించాడు...'"

"ముంత పట్టుకొని పోసింది నేనే! ఇగ చాలమ్మా, బతికినం. ఇది చూపిస్తే ఎవడు కాదంటడు?"

"ఉండు, పైన మడత విప్పనీ. ఏ తేదీనో చూద్దాం... అయ్యో!"

"ఏందమ్మా, ఆగినవ్?"

"పగిడయ్యా... ఈ కాగితం నేను ఇంతకు ముందే చూశాను."

"ఎప్పుడు?"

"ఉగాది తర్వాత. పైన ఇప్పలపాడు అని ఉంది. వాళ్లకు జిరాక్స్ తీయించి ఇచ్చింది దీన్నే. నాకేం తెలుసయ్యా, పేరు చూసి ఇచ్చేశాను. లోపల చదవనే లేదు."

"మా అయ్య చేను కాగితం చూసి వాళ్లకు పట్టాలిచ్చిండ్రా?"

"మోసం చేశారంటావా?"

"లేదమ్మా. వాళ్లూ ఎప్పటిసంది దున్నుకునేటోళ్లే. వాళ్లకూ చదువు రాదు. వాళ్ల ఊరి పేరున్నది, వాళ్లదే అనుకున్నరు."

"అసలు ఇలాంటి కాగితం ఒకటుందని వాళ్లకెలా తెలిసింది?"

"అది మళ్ల చెప్తనమ్మా."

"ఈయన్నేమనాలి! పెట్టక పెట్టక నిజంగా ఉన్న ఊరి పేరే పెట్టాలా?"

"సారును ఏమనకు. అడిగినోణ్ని నేను."

"నేనొస్తాను ఆఫీసుకి. పేర్లు మార్చి రాసేవారని, ఈ చేను రేలగుంపుదని చెబుతాను."

"చెప్తే వాళ్ల పట్టాలేమైతయ్?"

"అది... మళ్లీ విచారణ అంటారేమో. పోయినా పోవచ్చు."

"ఇద్దరికీ రాదా?"

"ఒక్క చేను కాగితం రెండూళ్లకు ఎలా పనికొస్తుందయ్యా? నాకేం పాలుపోవటం లేదు. ఎల్లుండి జేసీబీ అన్నావు కదా?"

"వస్తది."

"మరి పత్తి?"

"పోతది."

"అలా అంటే ఎలా! లే, ఆటో పిలుస్తాను. చేను మీది. ఆ కాలు మీ నాన్నది. నిజం చెప్పటానికి భయమెందుకు?"

"కూసో అమ్మా. వాళ్లకెట్ల తెలిసిందని అడిగినవ్ కదా?"

"అవును."

"ఇది పేపర్ల పడ్డ తెల్లారే జీపు ఇప్పలపాడుల దిగింది. గటక పోసినోడు ఎవడని ఈ పేపరు ముక్కే మొకాల మీద కొట్టి అడిగిండ్రంట. ఏడ్పులు వాగు ఇవతలికి ఇనపడ్డయ్. అది మా ముచ్చటని ఇయ్యాలే తెలిసింది."

"అయ్యో..."

"కాగితం బస్తాల పెట్టమ్మా. గటక పోసింది నేను. దెబ్బలు తిన్నది వాళ్లు."