స్లాబుకు లేత నీలం

నార్కట్‌పల్లిలో కొత్తగా కట్టిన ఇల్లు. నడింట్లో ఇంటామె గుర్వమ్మ, రంగులేసే నూరుద్దీన్.

"పండలేదంటవా? నా రెండు కండ్లతోని జూసిన నూరుద్దీన్! పట్టపగలు స్లాబు కింద ఎత్తుల గట్టిన బల్ల మీద వెల్లకిల పండినవ్!"

"పండలేదమ్మా..."

"మల్ల గదే మాట! నిన్న జూసిన, ఇయ్యాల జూసిన. నేను రాంగనే దబదబ దిగుతవు, దొంగ లెక్క."

"జర గోడలు జూడమ్మా. ఉల్లిగడ్డ రంగు ఎంత సాఫ్ వచ్చిందో."

"గోడల ముచ్చట వెట్టకు! నేనడిగేది స్లాబు సంగతి. లేత నీలం ఎయ్యమంటి. మూడు రోజులాయె, సగం గూడ గాలే. ఆదివారం ఇంట్లకు వోవాలె. సుట్టాలొచ్చి ముక్కున ఏలేసుకోవాల్నా?"

"స్లాబుకు తెల్లదే మంచిగుంటదమ్మా. ఇల్లంతా ఎలుగొస్తది..."

"ఏం రంగెయ్యాల్నో నువ్వు జెప్తవా నాకు? ఫోన్ల యాభై ఫొటోలు జూసి ఏరుకున్న! మంచి పనోడని యాదయ్య మేస్త్రి నిన్ను తోలిండు. పని లేదు గానీ టెక్కు! పిలిస్తే మెడ గూడ తిప్పవు, మనిషివే గిర్రున తిరుగుతవు. నవాబువా?"

"తప్పయిందమ్మా."

"తప్పు ఎవనికి గావాలె? నిచ్చెనెక్కు. నా ముందట నిలవడి ఎయ్యి. ఎక్కు!"

"మీరు జర బయటికి వోండి. పొద్దూకేవరకు అయిపోతది."

"నేనెందుకు వోవాలె? నా ఇల్లు! మేస్త్రికి ఫోన్ జేసిన, వస్తాండు. ఆయన ముందటనే తేల్చుకుందాం."

"యాదయ్యకా? అయ్యో, ఆయనకెందుకు జేసినవమ్మా!"

"బుగులైతాందా? గట్లయితే తల ఎత్తు. గా మూలకు జూడు, ఎన్ని మచ్చలున్నయో. ఎత్తు! ఎత్తవేంది?"

"లేవదమ్మా."

"ఏంది లేవంది?"

"తల. మా ఊరి బోరు నీళ్ళు తాగి తాగి మెడ కట్టెవడ్డది. ఫ్లోరైడ్ అన్నరు దవాఖానల. నిలవడితే స్లాబు కనవడదు. గందుకే పండి ఏస్తున్న. కూలి తీస్కొని పండుకునేటోణ్ణి గాదమ్మా, ఖుదా కసం!"

"గట్లనా! నేను ఉత్తగనే తిడితినా?"

"తిట్టమ్మా. పడ్త."

"మరి ముందుగాల్నే చెప్పొద్దా! నోరు గూడ కట్టెవడ్డదా నీకు?"

"చెప్తే ఎవరు పనిస్తరమ్మా? యాదయ్యకు ఎరుకైతే రేపటి సంది పిలువడు. గీ పని తప్ప నాకింకోటి రాదు... అగో, ఆయన బండి సప్పుడు."

"గుర్వమ్మక్కా! ఏడ వాడు? పని ఇడిసి పండుకుంటుండా? నూరుద్దీన్, సామాన్లు సర్దుకో! రేపు వేరేటోణ్ణి తోల్త అక్కా."

"ఓ యాదయ్యా, ఆగు! ఏందా ఒర్రుడు? పండే ఎయ్యమని నేనే జెప్పిన. నా ఇల్లు, నా స్లాబు. నీకేం నొప్పి?"

"నువ్వే జెప్పినవా? మరి ఫోన్ల గంతగనం ఒర్రితివి?"

"ఒర్రనా మరి! పొద్దటి సంది ఉత్త బల్ల మీద పండి ఏస్తుండు మనిషి. తలకాయ కిందికి మెత్త ఏదీ? తెచ్చినవా?"